ఒక్కపొద్దు తలనొప్పి

పశువుల డాక్టరు దగ్గరికొచ్చే రోగి అబద్ధం చెప్పదు. ఆ మాటకొస్తే నిజమూ చెప్పదు. ముప్పై ఏళ్లు ఆవుల నోళ్లు తెరిచి, గేదెల డొక్కలు తట్టి, కుక్కల కళ్లలోకి చూసి "ఎక్కడే తల్లీ నొప్పి?" అని అడిగాను. అడిగి అడిగి నా నోరు నొచ్చిందే గాని ఒక్కటీ బదులు చెప్పలేదు. మనుషుల డాక్టర్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. వాళ్లకేం? రోగి కుర్చీలో కూర్చుని తన బాధతోపాటు మేనమామ బాధ కూడా ఏకరువు పెడతాడు.

ఆ మంటలోంచే జత పట్టీ పుట్టింది. ఆలోచన నాది, పనితనం ఇనాయతుల్లాది. అతను బెంగళూరులో గుండెకు అమర్చే యంత్రాలు తయారుచేసే చోట పదేళ్లు పనిచేసి, తల్లికి పక్షవాతం వస్తే మదనపల్లెకు తిరిగొచ్చినవాడు. వాళ్ల పొట్టేలుకు వైద్యం చేయించడానికి నా దగ్గరికి వచ్చి, నా పిచ్చి ఆలోచన విని, ఇక పోలేదు. ఆసుపత్రి వెనకాల రేకుల షెడ్డులో ఇద్దరం నాలుగేళ్లు కూర్చున్నాం. చివరికి రెండు తోలు పట్టీలు తయారయ్యాయి. ఒకటి జంతువు మెడకు, ఒకటి నా మెడకు. మెదడు నుంచి గుండెకూ కడుపుకూ దిగే పెద్ద నరం మెడలోంచే పోతుంది. జంతువు నరంలో పుట్టిన కదలికను దాని పట్టీ పట్టుకుంటుంది, నా పట్టీ అదే కదలికను నా నరంలో మీటుతుంది. పక్కింట్లో రోకటి పోటు పడితే మన గోడ అదురుతుంది చూడండి, అంతే.

మొదటి రోగి గుర్రంకొండ నుంచి వచ్చిన జెర్సీ ఆవు. నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదట. పట్టీ బిగించుకున్నానో లేదో, రొమ్ము ఎముక కింద ఎవరో దబ్బనంతో పొడిచినట్టయి మోకాళ్ల మీద కూలబడ్డాను.

"మేడం! తీసేయండి, తీసేయండి!" అని ఇనాయత్ పరిగెత్తుకొచ్చాడు.

"ఉండవయ్యా. తీగ. ఇక్కడ. ఇనప తీగ మింగింది," అన్నాను పళ్లు బిగబట్టి.

కోసి చూస్తే నేను వేలు పెట్టి చూపించిన చోటే పెన్ను పొడుగు తీగ దొరికింది. ఆవు యజమాని ఆ తీగనూ నన్నూ మార్చి మార్చి చూసి, నా కాళ్లకు దండం పెట్టబోయాడు. ఆ రోజు నా గర్వానికి పట్టపగ్గాల్లేవు. ఇంటికి పోయి మా అమ్మకు మూడుసార్లు చెప్పాను.

అయితే ఆవు లేచి గడ్డి తిన్నాక కూడా నేను రెండు రోజులు అన్నం తినలేకపోయాను. పట్టీ తీసేసినా ఆ పోటు రొమ్ములో కొంచెం కొంచెంగా మిగిలే ఉంది. తర్వాత ప్రతి రోగితోనూ అదే వరస. కుక్క చెవి నొప్పి, గొర్రె కడుపుబ్బరం, దేని బాధ దానితో పోకుండా నాలో కాస్త అడుగున మిగిలేది. ఆఖరికి నా మోకాలు నొస్తే అది నాదో, పొద్దున చూసిన ఎద్దుదో తెలియని స్థితికి వచ్చాను. ఇనాయత్ షెడ్డు గోడ మీద సుద్దముక్కతో పెద్దక్షరాలు రాశాడు: "నాదా? దానిదా? పట్టీ తీసి నూరు లెక్కపెట్టు." నూరు లెక్కపెట్టేలోగా నొప్పి తగ్గుముఖం పడితే జంతువుది. ఏమాత్రం తగ్గకపోతే నాది. ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. తప్పలేదు కాబట్టే నమ్మాను.

రోగుల పని అయ్యాక ఇంటి జంతువుల మీద నెలల తరబడి పరీక్ష చేయాలనుకున్నాం. దానికి మా జున్ను దొరికింది. జున్ను మా అమ్మాయి ఇందుజ పెంచిన పిల్లి. పెళ్లయి హోసూరు పోతూ "అమా, దీన్ని చూసుకో, నన్ను చూసుకున్నట్ల వద్దు, కొంచిం బాగా చూసుకో" అని నవ్వి నాకు అప్పజెప్పింది. మా అమ్మ మునెమ్మకు ఆ పిల్లంటే గిట్టదు. "పొయ్యిలో పిల్లి లేవని కొంపలు చూసినా గానీ, పొయ్యి మీదనే కాపరం పెట్టిన పిల్లిని ఈడే చూస్తి" అని రోజూ దాన్ని వంటింట్లోంచి తరిమేది. వెచ్చగా ఉన్న చోటు ఎక్కడుంటే అక్కడ జున్ను ఉండేది.

మూడు నెలలు ఆ పిల్లి నా మెడలో కాపురం చేసింది. షెడ్డు మా ఇంటికి ఐదు కిలోమీటర్లు. అయినా ఫోను సిగ్నలు ఉన్నంత మేరా పట్టీలు మాట్లాడుకునేవి. పాలవాడు రాకముందే దాని ఆకలి నన్ను లేపేది. పగలు అది గోడమీద ఎండకు పడుకుంటే, షెడ్డులో నిలబడి నేను ఒళ్లు విరుచుకునేదాన్ని. "జున్ను నిద్రపోతాంది మేడం, మీరు పని చేయండి" అని ఇనాయత్ ఆటపట్టించేవాడు. నొప్పులు పంచుకోవడానికి చేసిన పట్టీలోంచి ఇంత సుఖం వస్తుందని మేం అనుకోలేదు.

మార్గశిరంలో ఇందుజ పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. సుఖప్రసవం. మూడో రోజు ఇంటికి తెచ్చుకున్నాం.

ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మ ఆరుగురిని కన్నది గాలి ధారాళంగా ఆడే పెంకుటింట్లో. ఆ ఇల్లు పడగొట్టించి అదే జాగాలో మిద్దె కట్టించింది నేను. దుమ్ము రాకూడదు, దోమ రాకూడదు, చలి రాకూడదు అని పట్టుబట్టి జరిపే అద్దాల కిటికీలు పెట్టించాను. మూస్తే గాలి కూడా సందు వెతుక్కోవాల్సిందే. వచ్చినవాళ్లందరికీ మూసి తెరిచి చూపించేదాన్ని.

పురిటిగదికి రాణి మా అమ్మ. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా మా వీధిలో ఎవరింట్లో బాలింత ఉన్నా మునెమ్మవ్వకే పిలుపు. వావిలాకు నీళ్లు ఎంత కాగాలో, నడికట్టు ఎంత బిగించాలో, చెవుల్లో దూది ఎప్పుడు పెట్టాలో ఆమె చెప్పినట్టే జరగాలి. స్నానం కాగానే బాలింతను మంచం మీద పడుకోబెట్టి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, వాము చల్లి, తలుపు మూసేది. ఒళ్లు కాగితేనే వాతం దిగుతుందని ఆమె నమ్మకం.

నేను అడ్డం చెప్పకపోలేదు. "పొగకు బిడ్డ దగ్గుతుందమ్మా" అన్నాను మొదటి రోజు.

"నాకు నేర్పిస్తాండావా మే?" అంది అమ్మ. "పొగొచ్చే బొగ్గులు లోపలికి ఎవురు తెస్తారు? వసారాలో రాజేసి, పొగంతా పోయి కణకణ అన్నాంకనే తెస్తా. పొగ లేని నిప్పు బంగారం. నిన్ను కన్నప్పుడు ఈ కుంపటే. నువ్వేమన్నా చస్తివా?"

నిజమే, ఒక్క తీగ పొగ కూడా లేదు. వాము వాసన కమ్మగా ఉంది. నేను ఊరుకున్నాను. నాకు తెలియదా? చదువుకున్నదాన్ని. మూసిన గదిలో బొగ్గు మండితే వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందనీ, పొగ లేనంత మాత్రాన అది లేనట్టు కాదనీ, చిన్న ప్రాణాలు ముందు పడిపోతాయనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. పుస్తకంలో చదివింది మా అమ్మ చేతి కుంపటై ఇంట్లోకి వస్తే గుర్తుపట్టలేకపోయాను. అంత చదువూ గంగలో కలిపాను.

గుర్తులు రాకపోలేదు. ఆరో రోజు ఇందుజ "తల దిమ్ముగా ఉందమా" అంది. "బాలింత తల అట్లనే ఉంటాది, పచ్చి ఒళ్లు గదా" అంది అమ్మ. హాల్లోకి వచ్చి అన్నం తిన్నాక ఆ దిమ్ము పోయింది, మేమూ మరిచిపోయాం. ఏడో రోజు జున్ను పురిటిగదిలోంచి తూలుతూ వచ్చి గడప దగ్గర కక్కుకుంది. అప్పుడు నేను షెడ్డులో ఉన్నాను, నాకూ కళ్లు తిరిగాయి. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ తిట్ల దండకం ఎత్తుకుంది. "బల్లిని తినొచ్చి బాలింత గదిలో కక్కుతాదా? పిల్లి ఊపిరి పసిబిడ్డకు మంచిది కాదు, ఇంగ దాన్ని లోపలికి రానిస్తే ఒట్టు!" సరే, బల్లే అయ్యుంటుందనుకున్నాను. ఆ రోజు నుంచి పిల్లికి పురిటిగది నిషిద్ధం.

ఎనిమిదో రోజు జున్ను మూసిన తలుపు బయట, గడపకు ముక్కు ఆనించి, వెనక్కి జరుగుతూ మళ్లీ వస్తూ ఉండటం నేను చూశాను. వెచ్చదనం కోసం ఏడుస్తోందనుకుని నవ్వాను కూడా.

తొమ్మిదో రోజు శనివారం. ముసురు పట్టింది. మూడు రోజులుగా ఎండ పొడ లేదు. మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దు, మధ్యాహ్నం దేవుడికి దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను. కాఫీ లేకపోతే పది దాటేసరికి నాకు తలనొప్పి రావడం ఇరవై ఏళ్ల అలవాటు.

ఆ రోజూ వచ్చింది. షెడ్డులో ఇనాయత్ గొర్రె పట్టీకి తీగలు అతుకుతున్నాడు. నేను కాగితాలు దిద్దుతున్నాను. పదిన్నరకు నుదుటి మీద ఎవరో అరచెయ్యి పెట్టి నొక్కుతున్నట్టు ఉంది. కాసేపటికి కడుపులో తిప్పింది. మెడ పట్టీ మీద చెయ్యి వేసి ఆగాను.

"జున్నుదా మేడం?" అన్నాడు ఇనాయత్ తలెత్తకుండానే.

"ఒక్కపొద్దుది," అన్నాను. అయినా నియమం నియమమే. పదీ నలభైకి పట్టీ తీసి బల్ల మీద పెట్టి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నూరు దాకా. తలనొప్పి కదలలేదు.

"నాదే," అన్నాను.

"ఒకసారి గీత చూద్దామా?" అన్నాడు అతను, జంతువు నరం కదలికలను పట్టీ గీతలుగా నమోదు చేసుకుంటుంది కదా, దాని గురించి.

"గీతలొద్దు, గాడిదగుడ్డొద్దు. కాఫీ తాగని తలకాయ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నీ పని చూసుకో," అని కసురుకున్నాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. పట్టీ బల్ల మీదే వదిలేశాను. తల నొస్తుంటే మెడకు తోలుపట్టీ ఎందుకని.

ఆ సమయంలో నా తలలో రెండు నొప్పులున్నాయి. ఒకటి నాది. ఒకటి జున్నుది. పట్టీ తీయగానే దానిది మెల్లగా పోయింది, నాది అలాగే ఉంది. మొత్తం మీద తగ్గినట్టు నాకు తెలియలేదు. గోడ మీది నియమానికి ఒక్కపొద్దు సంగతి తెలియదు.

నలభై నిమిషాలు కాగితాలు దిద్దాను. పదకొండూ ఇరవైకి, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, బల్ల మీది పట్టీ అందుకుని మళ్లీ పెట్టుకున్నాను.

ఏమీ లేదు. ఆకలి లేదు, నిద్ర లేదు, గుండె చప్పుడు లేదు. మూడు నెలలుగా నా మెడలో ఏదో ఒకటి మెదులుతూనే ఉండేది. ఇప్పుడు ఉత్త తోలు.

"ఇనాయత్, పట్టీ చెడిపోయినట్టుంది చూడు."

అతను తీసుకుని, తీగలు తగిలించి, తెర మీద చూసి, ఇంకోసారి చూశాడు. అతని మొహంలో రంగు మారింది.

"పట్టీ బాగానే ఉంది మేడం," అన్నాడు.

ఇంటికి ఫోను చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇనాయత్ స్కూటరు మీద ఎట్లా వచ్చామో నాకు గుర్తు లేదు. వానలో కళ్లద్దాలు మసకబారి అతను దారి కూడా సరిగా చూడలేదు, అది గుర్తుంది.

వెనక వసారాలో అమ్మ కాళ్లు చాపి కూర్చుని, కాళ్ల మీద బిడ్డను బోర్లా వేసుకుని నీళ్లు పోస్తోంది. చేతుల నిండా సున్నిపిండి, పక్కన, నేను దారి పొడుగునా చేస్తున్న ఫోను మోగుతూనే ఉంది. బిడ్డ కేరుకేరున ఏడుస్తోంది. ఆ ఏడుపు విని నా ప్రాణం లేచొచ్చింది.

"ఇందు ఏదమ్మా?"

"పండుకోనుంది లేవే. నీళ్లు పోసి, కుంపటి పెట్టి, బిడ్డను ఎత్తుకోని తలుపేసి వస్తి. చలికి కిటికీ కూడా బాగా బిగిస్తి. లేపొద్దు, పాపం ఇయ్యాలన్నా కడుపునిండా నిద్రపోతాంది."

తలుపు తోశాను. గది కమ్మగా, వెచ్చగా ఉంది. వాము వాసన. ఇందుజ గోడవైపు తిరిగి, దుప్పటి గడ్డం దాకా కప్పుకుని పడుకుంది. చెవుల్లో దూది. పిలిచాను. కదిపాను. మంచం కింద, కుంపటి పక్కనే, మెడకు పట్టీతో జున్ను. అమ్మ నీళ్ల బిందె కోసం తలుపు తెరిచినప్పుడు ఎప్పుడో ఆ చలికి లోపలికి దూరి ఉంటుంది. నా చేతులు అలవాటు కొద్దీ దాని పెదవి పైకెత్తి చూశాయి. చిగుళ్లు దానిమ్మగింజల్లా ఎర్రగా ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన రక్తానికి ఆ రంగు వస్తుందని అప్పుడు గుర్తొచ్చింది నాకు. కుర్చీ ఎత్తి ఆ కిటికీ అద్దం పగలగొట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. గంట సేపు ఏమేమో చేశారు. తర్వాత ఆ డాక్టరు బయటికొచ్చి, నేను కూడా డాక్టర్నే అని తెలిసి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ సాయంత్రం నేను చేసిన పని చెప్పాలి. ఇంటి ముందు జనం నిలబడి ఉండగా మా అమ్మ "ఏమయింది మే ఇందుజకు? బాగనే ఉండె గదా? ఏమయింది?" అని నా కొంగు పట్టుకుంది. నేను ఆ చెయ్యి విదిలించి, "నీ కుంపటే చంపింది! నువ్వే చంపినావు!" అని అరిచాను. అందరూ విన్నారు. పట్టీ మాట మాత్రం ఎత్తలేదు.

అమ్మ ఏడవలేదు. వసారాలోకి పోయి కుంపటి మీద ఒక చెంబెడు నీళ్లు పోసింది. చల్లారాక ఎత్తి పెరట్లో బండకేసి కొట్టింది. ఆ రోజు నుంచి ఆమె మంట జోలికి పోలేదు. స్టవ్వు వెలిగించదు, దీపం పెట్టదు. చల్లన్నం తినేది. ఎవరైనా పురిటింటికి పిలిస్తే "నా చేతులు మంచివి కావు సామీ" అనేది. అల్లుడు వచ్చి, బిడ్డను ఎత్తుకుని ఏడ్చి, "ఏడాది నిండేదాకా మీ దగ్గరే ఉండనీ అత్తమ్మా" అని పోయాడు. ఆ బిడ్డను కూడా అమ్మ ముట్టేది కాదు. అది ఉయ్యాల్లో ఏడుస్తుంటే ఈమె ఇవతల గోడకు ఆనుకుని, చేతులు చీరలో దాచుకుని కూర్చునేది. ఆరుగురిని కని, అరవై మందిని పెంచిన చేతులు అవి.

నేను చూస్తూ ఉండేదాన్ని. ఒక్క మాట చెబితే చాలు. నోరు రాలేదు.

నెల తర్వాత ఇనాయత్ ఇంటికి వచ్చాడు. జున్ను పట్టీలో ఆ రోజుది అంతా రాసి ఉందట. గీతలు చూపించాడు. పదీ నలభై దగ్గర సన్నగా ఒక గుర్తు, నేను పట్టీ తీసిన నిమిషం. ఆ తర్వాత కూడా గీత ముప్పై ఆరు నిమిషాలు నడిచింది.

"అమ్మాయి జున్ను కన్నా పెద్దది, అంత తొందరగా పోయుండదు," అన్నాడు నెమ్మదిగా. "అప్పుడు బయలుదేరుంటే..."

"తెలుసు," అన్నాను.

"నేనైనా గీత చూడాల్సింది. మీరు తిట్టినా చూడాల్సింది మేడం."

అతను పోయాక ఆ నమోదును నా పట్టీలోకి ఎక్కించుకుని మెడకు కట్టుకున్నాను. భయంకరంగా ఉంటుందనుకున్నాను. ఊపిరాడక కొట్టుకుంటుందనుకున్నాను. అదేమీ లేదు. కొంచెం తలనొప్పి. కొంచెం వికారం. లేద్దామా అనిపించి, కాళ్లు బరువై, సర్లే తర్వాత లేద్దాం అనిపించడం. ఆ తర్వాత వెచ్చదనం, గోడమీద ఎండలాంటిది. ఆ వెచ్చదనంలోనే అది ఆగిపోయింది. నా బిడ్డకు కూడా నొప్పి తెలిసి ఉండదని అప్పుడు మొదటిసారి బావురుమని ఏడ్చాను.

తర్వాత రోజూ పెట్టుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు అక్కడ బాగుండేది. ఇందు ఆఖరి నిద్ర పక్కనే పడుకున్నట్టుండేది. ఒక మధ్యాహ్నం ఇనాయత్ వచ్చి చూసి నా మెడలోంచి పట్టీ లాగేశాడు.

"నూరు లెక్కపెట్టండి మేడం," అన్నాడు. పట్టీని వెనక్కి దాచుకున్నాడు. "లెక్కపెట్టండి. ఇది మీదా, దానిదా?"

లెక్కపెట్టాను. నూరు దాటింది, రెండు నూర్లు దాటింది.

"నాదే ఇనాయత్," అన్నాను.

అతను లేచి పట్టీని సంచిలో వేసుకోబోయాడు. అప్పుడే హాల్లో బిడ్డ ఏడుపు మొదలైంది. పాలసీసా అమ్మ పక్కనే ఉంది. అమ్మ సీసా వంక చూసింది, బిడ్డ వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది. "వకుళా, బిడ్డ ఏడుస్తాంది, రామే" అని నన్నే పిలిచింది. ఆ పిలుపుకు నా గుండె చెరువైపోయింది. ఇంక దాచలేకపోయాను. ఇనాయత్ చేతిలోంచి పట్టీ తీసుకుని పోయి అమ్మ ముందర కూర్చున్నాను.

"అమ్మా, ఆ రోజు నీ కుంపటి సంగతి నీకు తెలియదు. నాకు తెలుసు. జున్ను తలనొప్పి నా తలలోకి వచ్చింది. ఇదిగో, ఈ పట్టీలోంచి. కాఫీ తాగని నొప్పి అనుకుని తీసి పక్కన పెట్టినా. నలభై నిమిషాలు. నేను లేచి వచ్చుంటే ఇందు బతికేదేమో. నీ మీద అరిచినా గానీ, ఆ కిటికీలు పెట్టించింది నేను, కబురొస్తే విననిది నేను."

అమ్మ వంగి నా చేతిలోని పట్టీని చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"కట్టు," అంది చివరికి, మెడ ముందుకు చాచి.

"వద్దమ్మా. నువ్వు తట్టుకోలేవు."

"నా మనవరాలికి నేను పెట్టిన నిప్పు. నేను చూడాల. కట్టు మే."

ఇనాయత్ వంక చూశాను. అతను తల ఊపాడు. కట్టాను. అమ్మ కళ్లు మూసుకుని గోడకు ఆనుకుంది. నేను ఆమె నాడి పట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలు దాటాక చాలని తీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంకో పది నిమిషాలయ్యాక తనే తీసేసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

"ఇంత పాటి తలనొప్పికి ఎవురు లేస్తారు మే?" అంది అమ్మ. "నేనైనా లేచేదాన్ని కాదు. మెటికలిరిచి పండుకునేదాన్ని. నా తల్లీ, దీనికి నువ్వెట్ల లేస్తావే?" అని నా తల తన ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు ఏడ్చింది. నెలన్నర నుంచి ఆగిన ఏడుపంతా ఏడ్చింది. ఉయ్యాల్లో బిడ్డ మాతోపాటు గుక్కపెట్టింది. ఏడుస్తూనే అమ్మ లేచి, చేతులు చీరకు తుడుచుకుని, దాన్ని ఎత్తుకుంది.

మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు నా చేతికిస్తూ అడిగింది, "ఆ పట్టీ ఇంగోటి చేస్తాడా ఇనాయతు?"

"ఎందుకు?"

"నీ మాట ఎవురూ వినరు. నువ్వు గొడ్ల డాక్టరువి. పురిటిగది మాట నేను చెప్తే వింటారు. కుంపటి పెట్టమని ముప్పై ఇండ్లల్లో చెప్పిన నోరు ఇది, తీయమని కూడా ఇదే చెప్పాల." మళ్లీ తనే అంది, "నోటితో చెప్తే నమ్మరులే. నేనే నమ్మలేదు గదా."

ఇనాయత్ రెండు పట్టీలకూ జున్ను నమోదులోంచి మొదటి మూడు నిమిషాలు మాత్రమే ఎక్కించాడు. అవి ఎవరికీ హాని చేయవు. పట్టీ పెట్టుకున్న ప్రతి ఇల్లాలితోపాటు అమ్మ కూడా రెండోది పెట్టుకుంటుంది. నీకెందుకమ్మా, ఎన్నిసార్లు చూస్తావని అడిగాను. "ఆ చోటికి ఎవుర్నీ ఒంటిగా పంపను," అంది. ఒక్కొక్క ఇంటి నుంచి వచ్చాక ఆమె ఆ పూట ఏమీ తినదు, ఎవరితోనూ మాట్లాడదు. మిగులు నొప్పి ఆమెలోనూ అడుగున పేరుకుంటోందని నాకు తెలుసు. ఆపమని చెప్పే అర్హత నాకు లేదు.

మళ్లీ మార్గశిరం వచ్చింది. నీరుగట్టువారిపల్లెలో ఒక మగ్గం ఇంటివాళ్ల కోడలు ప్రసవించిందని తెలిసి పోయాం. నా చంకలో మనవరాలు. కొత్త మిద్దె, జరిపే అద్దాల కిటికీలు. మంచం కింద కణకణలాడే నిప్పులు, ఒక్క తీగ పొగ లేదు. గడప బయట వాళ్ల కుక్క ముక్కు నేలకు ఆనించి పడుకుని ఉంది. పిలిస్తే లోపలికి రాదు. ముందు నేను పోయి కిటికీ తెరిచాను. అమ్మ బాలింత అత్తగారిని తన ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇద్దరి మెడలకూ పట్టీలు కట్టింది. ఆమె బెరుకుగా కళ్లు మూసుకుంది. మూడు నిమిషాలు గడిచాయి.

"ఏమనిపిచ్చింది మే?" అని అడిగింది అమ్మ.

"ఏముందవ్వా," అందామె కళ్లు తెరిచి, కాస్త నవ్వి. "కొంచిం తల బరువు. పండుకుంటే బాగుంటాదే అన్నట్ల. అంతే గదా?"

"అంతే మే," అంది మా అమ్మ. "అంతే ఉంటాది."

ఆ ఇల్లాలు కాసేపు మా అమ్మ మొహంలోకి చూసింది. తర్వాత లేచి, కొంగు మడతపెట్టి పట్టుకుని, కుంపటిని వసారాలోకి మోసుకుపోయింది.